పాత కారుకు కొత్త స్టీరియో: తెర సైజు కంటే ముందు తేల్చుకోవాల్సినవి

పదీ పదిహేనేళ్ల కారులో ఇంజను బాగానే ఉంటుంది, ఏసీ చల్లగానే వస్తుంది. కారు పాతబడిందని గుర్తుచేసేది ముందుగా స్టీరియోనే. క్యాసెట్టో సీడీయో తప్ప మరేదీ తెలియని సెట్టు, బ్లూటూత్ లేదు, ఫోన్‌లో ఉన్న పాట స్పీకర్లలోకి వెళ్లే దారి లేదు. అందుకే పాత కారు చేతికి రాగానే చాలామంది మార్చే మొదటి వస్తువు అదే. షాపులో మాటలన్నీ తెర ఏడంగుళాలా తొమ్మిదంగుళాలా, ర్యామ్ రెండు జీబీయా నాలుగు జీబీయా అన్న చోటే తిరుగుతాయి. తీరా బిగించాక వచ్చే ఇబ్బందుల్లో తెరకు సంబంధించినవి తక్కువ. పొద్దున్నే బ్యాటరీ దిగిపోయి ఉండటం, యాక్సిలరేటర్ తొక్కితే స్పీకర్లలో ఈల రావడం, ఎఫ్ఎం సరిగా పట్టకపోవడం, ఇంజను ఆపి తాళం చెవి తీసిన ప్రతిసారీ సెట్టింగులు చెరిగిపోవడం, గుంతలో పడితే పాట ఆగిపోవడం ఇవన్నీ సెట్టు వెనక కనపడకుండా ఉండే జానెడు చోటులో పుట్టేవే. కాబట్టి కొనేముందు తేల్చుకోవాల్సింది ఆ చోటు సంగతి.

ఖాళీ ఎంత, లోతు ఎంత

కారు స్టీరియోల కొలత జర్మనీ ప్రమాణం నుంచి వచ్చింది. సింగిల్ డిన్ అంటే ముఖం 180 మి.మీ. వెడల్పు, 50 మి.మీ. ఎత్తు. దాన్ని దించే ఖాళీ 182 × 53 మి.మీ. ఉండాలి. డబుల్ డిన్ అదే వెడల్పుతో రెట్టింపు ఎత్తు, అంటే 100 మి.మీ. మారుతి 800, జెన్, పాత ఆల్టో, శాంత్రో లాంటి కార్లలో ఉన్నది సింగిల్ డిన్ ఖాళీ. టయోటా కార్ల లెక్క వేరు. వాటిలో ముఖం 200 × 100 మి.మీ. ఇన్నోవాలో మామూలు డబుల్ డిన్ సెట్టు పెడితే రెండు పక్కలా సెంటీమీటరు చొప్పున సందు మిగిలిపోతుంది. ఆ సందును మూసే పక్క పట్టీలు విడిగా దొరుకుతాయి, లేదంటే 200 మి.మీ. ముఖంతోనే వచ్చే సెట్టు తీసుకోవాలి.

అసలు చిక్కు డాష్‌బోర్డు వంపులో కలిసిపోయిన సెట్లతో. 2005లో వచ్చిన తొలి తరం స్విఫ్ట్‌లో కంపెనీ బిగించి ఇచ్చిన సెట్టు ముఖం చుట్టూ ఉన్న ప్లాస్టిక్‌తో ఒకటిగా ఉంటుంది. అలాంటివి తీసేస్తే మిగిలే ఆకారానికి ఏ సెట్టూ నేరుగా సరిపోదు. ఆ మోడల్ కోసమే పోసిన ఫ్రేమ్ కావాలి. ఫ్రేమ్ కొనేటప్పుడు కారు పేరు చెబితే చాలదు, ఏ ఏడాది మోడలో, ఏసీ నాబులు తిప్పేవో నొక్కేవో, హజార్డ్ లైటు బటన్ ఎక్కడుందో కూడా చెప్పాలి. తొమ్మిదంగుళాల తెరకు వచ్చే కొన్ని ఫ్రేముల్లో హజార్డ్ బటన్‌ను వేరే చోటికి జరపాల్సి వస్తుంది, ఏసీ గాలి వచ్చే జాలీకి తెర అంచు కొంత అడ్డుపడుతుంది. నలభై డిగ్రీల ఎండలో తిరిగే కారుకు గాలి జాలీ తెర కంటే ముఖ్యం.

సింగిల్ డిన్ ఖాళీ కింద చిల్లర పెట్టుకునే గూడు ఉంటే, ఆ రెండూ కలిపి డబుల్ డిన్ చేసేయవచ్చని షాపుల్లో చెబుతారు. కొన్ని కార్లలో అది నిజమే. కొన్నిటిలో ఆ గూడు వెనక బ్లోయర్ గాలి గొట్టమో డాష్‌బోర్డును మోసే ఇనుప పట్టీయో ఉంటుంది. గూడు బయటకు లాగి, చేయి పెట్టి, లోపల సెట్టుకూ దాని వెనక తీగలకూ సరిపడా లోతు ఉందని చూశాకే ఒప్పుకోవాలి. ప్లాస్టిక్‌ను ఒకసారి రంపంతో కోస్తే మళ్లీ అతకదు. రేపు కారు అమ్మేటప్పుడు కొనేవాడి కంట్లో మొదట పడేదీ అదే.

లోతు విషయంలో చాలామంది మరిచేది వైర్ల కట్ట. సెట్టు 16 సెం.మీ. ఉంటే, దాని వెనక కప్లర్లు (తీగలను కలిపే ప్లాస్టిక్ సాకెట్లు), కన్వర్టర్, యాంటెన్నా పిన్ను, యూఎస్‌బీ తీగలు కలిసి ఇంకో అయిదారు సెంటీమీటర్లు తింటాయి. చోటు చాలక బలంగా తోస్తే తీగ నలుగుతుంది, లేదా సెట్టు రెండు మిల్లీమీటర్లు ముందుకే ఉండిపోయి గతుకుల్లో కటకటలాడుతుంది. సీడీ లేని సెట్లు లోతు తక్కువ ఉంటాయి. పాత కారుకు అది పెద్ద సౌకర్యం, ఎందుకంటే సీడీ వేసేవాళ్లు ఎలాగూ తగ్గిపోయారు.

పెట్టె మీద రాసిన వాట్లు

సెట్టు పెట్టె మీద ‘4 × 50 వాట్లు’ అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. నాలుగు స్పీకర్లకూ కలిపి 200 వాట్లు అని లెక్క వేసుకుంటారు. సెట్టు వెనక చూస్తే చాలావాటిలో 10 ఆంప్స్ ఫ్యూజు కనిపిస్తుంది. ఇంజను నడుస్తున్నప్పుడు కారులో ఉండేది 14.4 వోల్టులు. 14.4ను 10తో గుణిస్తే 144 వాట్లు. లోపలికి పోయేదే అంత అయినప్పుడు బయటికి 200 రావడం జరగని పని, పైగా అందులో చాలా భాగం వేడిగా పోతుంది.

మరి 50 అనే అంకె ఎక్కడిది? 14.4ను వర్గం చేసి స్పీకరు నిరోధమైన 4 ఓమ్‌లతో భాగిస్తే 51.8 వస్తుంది. సంగీతం పూర్తిగా చెదిరిపోయి, తరంగం చతురస్రంగా మారినప్పుడు ఒక్క క్షణం ఉండే శక్తి అది. శబ్దం శుభ్రంగా ఉన్నంతవరకూ సెట్టులోని ఆంప్లిఫయర్ (శబ్దం పెంచే) చిప్పు ఒక్కో స్పీకరుకు ఇవ్వగలిగింది సుమారు 20 వాట్లే. తరంగం శిఖరం 13 వోల్టుల దగ్గర ఆగిపోతుంది, దాని ఆర్ఎంఎస్ విలువ, అంటే నిలకడగా పనిచేసే వోల్టేజి, 9.2, వర్గం చేసి 4తో భాగిస్తే 21. మామూలు సెట్టు ఏ కంపెనీదైనా ఈ లెక్క దాటదు, ఎందుకంటే కారు ఇచ్చే వోల్టేజే హద్దు. అందుకే కొనేటప్పుడు అడగాల్సింది ఆర్ఎంఎస్ ఎంత అని. బ్రాండెడ్ సెట్ల పుస్తకంలో ‘14.4 వోల్టులు, 4 ఓమ్‌లు, 1 శాతం డిస్టార్షన్ (శబ్దం చెదరడం)’ దగ్గర ఎన్ని వాట్లో రాసి ఉంటుంది. 18 నుంచి 22 మధ్య ఉంటే నిజం చెప్పినట్టు.

ఆ ఇరవై వాట్లు కారు లోపలికి చాలా ఎక్కువే. పాట పేలవంగా వినిపించేది తరచూ వాట్లు చాలక కాదు, డోర్లో పదిహేనేళ్లు తడికి ఎండకు నాని అంచు చిరిగిన కాగితపు స్పీకరు వల్ల. బడ్జెట్ పరిమితంగా ఉంటే తొమ్మిదంగుళాల తెర మీద పెట్టే డబ్బులో సగం ఒక మంచి సింగిల్ డిన్ సెట్టుకు, మిగతా సగం ముందు డోర్ల స్పీకర్లకు పెడితే చెవికి తెలిసే తేడా వస్తుంది. పేరూ ఊరూ లేని ఆండ్రాయిడ్ సెట్టు, పాత స్పీకర్లు అనే జోడీ అన్నిటికంటే బలహీనమైనది.

తీగలు: కోయకుండా కలపడం

సెట్టు వెనక తీగల రంగులకు ఒక ఒప్పందం ఉంది, దాదాపు అన్ని కంపెనీలూ పాటిస్తాయి. పసుపు ఎప్పుడూ కరెంటు ఉండే బ్యాటరీ తీగ. దాని పని గడియారాన్ని, సెట్టింగులను, జతచేసిన ఫోన్ల జాబితాను నిలబెట్టడం, ఆడియోకు కావలసిన బరువైన కరెంటు ఇవ్వడం. ఎరుపు తాళం ఏసీసీ (ఇంజను ఆన్ చేయకుండానే స్టీరియో లాంటివి పనిచేసే స్థానం) దగ్గరకు తిప్పినప్పుడు మాత్రమే కరెంటు వచ్చే తీగ, సెట్టును లేపేది అదే. నలుపు ఎర్త్, అంటే కారు బాడీకి కలిసేది. నారింజ పార్కింగ్ లైట్లు వేసినప్పుడు తెర వెలుగు తగ్గించడానికి. తెలుపు జత ముందు ఎడమ స్పీకరు, బూడిద జత ముందు కుడి, ఆకుపచ్చ వెనక ఎడమ, ఊదా వెనక కుడి. ప్రతి జతలో నల్ల గీత ఉన్నది మైనస్.

ఈ రంగులు కొత్త సెట్టు వైపు తీగలవి. కారు వైపు తీగలకు ఇవి వర్తించవు. ఒక కంపెనీ కారులో బ్యాటరీ తీగ తెల్లగా, ఇంకో దానిలో నీలంగా ఉండవచ్చు. రంగు చూసి రంగుకు కలపడం ఇంట్లో బల్బు మార్చినంత సులువుగా కనిపిస్తుంది గానీ, సెట్లు కాలేది ఎక్కువగా అక్కడే.

అందుకే కన్వర్టర్ కప్లర్ కావాలి. ఒక చివర కారు తీగల సాకెట్‌లో దిగుతుంది, మరో చివర కొత్త సెట్టు రంగులతో ఉంటుంది. ధర కొన్ని వందల రూపాయలే. టయోటాలో 10 పిన్నులది ఒకటి, 6 పిన్నులది ఒకటి వాడతారు. యూరప్ పద్ధతి కార్లలో ఎనిమిదేసి పిన్నుల రెండు దిమ్మెల ఐఎస్ఓ కప్లర్ ఉంటుంది. అందులో కరెంటు దిమ్మెలో 4వ పిన్ను బ్యాటరీ, 7వది ఏసీసీ, 8వది ఎర్త్, 6వది లైట్లు. కొన్ని యూరప్ కార్లలో మాత్రం 4, 7 తారుమారుగా ఉంటాయి. అలాంటి కారులో సెట్టు పనిచేస్తుంది, కానీ తాళం తీయగానే స్టేషన్లు, గడియారం అన్నీ చెరిగిపోతాయి. మందు సులువే, పసుపు ఎరుపు తీగల మధ్య ఉండే బుల్లెట్ కనెక్టర్లను అటూ ఇటూ మార్చాలి. ఐఎస్ఓ తీగల్లో ఆ రెండు తీగల మధ్య విప్పి కలిపే జోళ్లు పెట్టేది దీనికోసమే.

హడావుడి షాపుల్లో కనిపించే దుర్భరమైన అలవాటు కంపెనీ కప్లర్‌ను కటింగ్ ప్లయర్‌తో కోసేసి, తీగలు మెలిపెట్టి, ఇన్సులేషన్ టేపు చుట్టడం. పది నిమిషాలు కలిసొస్తుంది. కానీ మే నెలలో ఎండలో నిలిపిన కారు డాష్‌బోర్డు 60 డిగ్రీలు దాటుతుంది. ఆ వేడికి టేపు జిగురు కరిగి జారిపోతుంది, రాగి బయటపడి పక్క తీగకో ఇనుప పట్టీకో తగులుతుంది. మెలిపెట్టిన కలయిక గతుకులకు వదులై వేడెక్కుతుంది. కప్లర్ దొరకని మోడల్ అయితే తీగ కోయక తప్పదు. అప్పుడు కంపెనీ కప్లర్ వైపు కనీసం 8 సెం.మీ. తీగ వదిలి కోయాలి, సోల్డరింగ్ చేసి హీట్ ష్రింక్ గొట్టం (వేడి చేస్తే ముడుచుకుని బిగిసేది) ఎక్కించాలి, లేదా సరైన క్రింపింగ్ ప్లయర్‌తో బట్ కనెక్టర్లు (రెండు తీగల చివరలను కలిపి పట్టే లోహపు గొట్టాలు) నొక్కాలి. అన్ని అతుకులూ ఒకే చోట కాకుండా ఒకదాని వెనక ఒకటి వచ్చేలా కోస్తే కట్ట లావెక్కదు, ఒకటి ఊడినా పక్కదానికి తగలదు. ముందుగా అడిగితే ఈ పని చేసిపెట్టే ఎలక్ట్రీషియన్లు ఉంటారు. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల వైరింగ్ మాత్రమే చేసేవాళ్లు విడిగా దొరుకుతారు, ఆ పనికి స్టీరియో షాపు కుర్రాడి కంటే వాళ్లే మేలు.

మల్టీమీటరు చెప్పే నిజాలు

కప్లర్ ఉన్నా లేకపోయినా కారు తీగలను మల్టీమీటరు (వోల్టేజి, నిరోధం, కరెంటు కొలిచే పరికరం) తో కొలవడం మానకూడదు, ఎందుకంటే పాత కారులో అంతకుముందు ఎవరెవరు చేయి పెట్టారో తెలియదు. తాళం తీసి ఉన్నప్పుడు 12 వోల్టులు చూపేది బ్యాటరీ తీగ. తాళం ఏసీసీకి తిప్పితే వచ్చి, తీస్తే పోయేది ఎరుపుకు కలిపేది. పార్కింగ్ లైట్లు వేస్తే వచ్చేది నారింజకు. ఎర్త్ తీగకూ కారు బాడీకీ మధ్య నిరోధం దాదాపు సున్నా చూపాలి.

స్పీకర్ల జతలను సెట్టుకు కలపక ముందు మూడు పరీక్షలు చేయాలి. మొదటిది, జత తీగల మధ్య నిరోధం. 4 ఓమ్‌ల స్పీకరుకు మీటరు 3.2 నుంచి 3.8 వరకు చూపుతుంది. 2 దగ్గర చూపితే ఒకే జతకు రెండు స్పీకర్లు సమాంతరంగా తగిలించి ఉన్నారని అర్థం. దాని మీద సెట్టు నడిపితే లోపలి చిప్పు కాగి, పావుగంటకు పాట ఆగిపోయి, చల్లారాక మళ్లీ మొదలవుతుంది. ఏమీ చూపకపోతే తీగ తెగింది. డోరుకూ బాడీకీ మధ్య రబ్బరు గొట్టంలో వేలసార్లు మడత పడిన చోటే సాధారణంగా తెగేది. డోరు తెరుస్తూ మూస్తూ మీటరు చూస్తే దొరికిపోతుంది.

రెండవది చాలామంది వదిలేసేది. జతలోని ప్రతి తీగకూ బాడీకీ మధ్య సంబంధం ఉందేమో చూడాలి. ఉండకూడదు. బాగా పాత కార్లలో స్పీకరు మైనస్‌ను బాడీ ఎర్త్‌కు కలిపే పద్ధతి ఉండేది. ఇప్పటి సెట్లలో స్పీకరు రెండు తీగల్లోనూ వోల్టేజి ఉంటుంది, రెండూ కలిసి స్పీకరును నెట్టి లాగుతాయి. అందులో ఒకటి బాడీకి తగిలితే సెట్టు ‘ప్రొటెక్ట్’ అని చూపి ఆగిపోతుంది, రక్షణ లేని చౌక సెట్టు అయితే చిప్పు కాలిపోతుంది. అలాంటి కారులో ప్రతి స్పీకరుకూ రెండేసి కొత్త తీగలు లాగాలి. వేరే దారి లేదు.

మూడవది మామూలు 1.5 వోల్టుల పెన్సిల్ సెల్లుతో. సెల్లు రెండు చివరలను స్పీకరు జతకు క్షణం తాకిస్తే ‘టక్’ మని వినిపిస్తుంది, ఏ జత ఏ స్పీకరుదో తెలుస్తుంది. ప్లస్ ప్లస్‌కు తగిలితే స్పీకరు కోన్ బయటకు ఉబుకుతుంది, తిరగేస్తే లోపలికి పోతుంది. నాలుగింటిలో ఒకటి తిరగబడి ఉన్నా పాటలో డోలు, బేస్ గిటార్ వెలవెలబోతాయి, ఎందుకంటే ఒక స్పీకరు నెట్టిన గాలిని మరొకటి లాగేస్తుంది. బేస్ లేదని ఈక్వలైజర్ పెంచుకుంటూ పోయేవాళ్లలో కొందరి అసలు సమస్య ఇదే. ఈ పరీక్షకు కారు బ్యాటరీ 12 వోల్టులు వాడకూడదు, స్పీకరు కాయిలు పోతుంది.

నీలం తీగలు రెండు ఉంటాయి, జాగ్రత్త. నీలం మాత్రమే ఉన్నది యాంటెన్నాకు, రేడియో పెట్టినప్పుడే కరెంటు వస్తుంది. తెల్ల గీత ఉన్న నీలం విడిగా పెట్టే ఆంప్లిఫయర్‌కు, సెట్టు నడుస్తున్నంతసేపూ వస్తుంది. ఆంప్లిఫయర్‌ను మొదటిదానికి కలిపితే ఎఫ్ఎంలో మోగుతుంది, యూఎస్‌బీకి మార్చగానే మూగబోతుంది. ఈ తీగల నుంచి సుమారు 300 మిల్లీ ఆంప్స్ కంటే ఎక్కువ లాగకూడదు. వాటి పని సంకేతం ఇవ్వడం వరకే. ఎత్తే దించే మోటారు యాంటెన్నా ఉంటే మధ్యలో రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును వేసే స్విచ్చు) పెట్టాలి.

సెట్టు బయటికి తీయడం

ముందు 10 నంబరు స్పానర్‌తో బ్యాటరీ మైనస్ విప్పాలి. అంతకన్నా ముందు పాత సెట్టుకు కోడ్ ఉందేమో ఓనర్ పుస్తకంలో చూడాలి. హోండా కార్లతో పాటు కొన్ని యూరప్ కార్ల సెట్లు బ్యాటరీ విప్పి పెడితే కోడ్ అడుగుతాయి, అది లేకపోతే పాత సెట్టును తిరిగి పెట్టాలన్నా అమ్మాలన్నా పనికిరాదు. ఎయిర్‌బ్యాగులు ఉన్న కారులో బ్యాటరీ విప్పాక కొన్ని నిమిషాలు ఆగాలి, పసుపు తొడుగు ఉన్న తీగల జోలికి పోకూడదు.

చుట్టూ ఉన్న ప్లాస్టిక్ అంచుకు కాగితపు టేపు అతికించి, ఇనుప స్క్రూడ్రైవర్ బదులు ప్లాస్టిక్ పట్టీలతో క్లిప్పులు లేపాలి. పదిహేనేళ్ల ప్లాస్టిక్ పెళుసుగా ఉంటుంది. చలికాలం పొద్దున్న కాకుండా కాసేపు ఎండలో ఉన్నాక లేపితే చెవులు విరిగే అవకాశం తగ్గుతుంది. జపాన్, కొరియా పద్ధతి కార్లలో పట్టీ తీశాక సెట్టును పట్టుకున్న స్క్రూలు కనిపిస్తాయి. యూరప్ కార్లలో సెట్టు ముఖం మీద రెండు పక్కలా సన్నని రంధ్రాలు ఉంటాయి, వాటిలో సెట్టు తీయడానికే ఉండే ఇనుప తాళాలు గుచ్చి లాగాలి. బయటికి వస్తూనే యాంటెన్నా తీగ బిగుసుకుంటుంది. తీగ పట్టి లాగితే లోపల ఊడుతుంది, పిన్ను పట్టుకునే లాగాలి.

పాత సెట్టు పక్కలకున్న ఇనుప బ్రాకెట్లను కొత్తదానికి మార్చేటప్పుడు స్క్రూ పొడవు చూసుకోవాలి. 5 మి.మీ. మందం, 8 మి.మీ. పొడవు దాటకూడదు. చేతికందిన పొడుగు స్క్రూ బిగిస్తే అది లోపలి సర్క్యూట్ బోర్డులోకి దిగుతుంది. వెనక తీగల కట్టను సెట్టు మీద కాకుండా కింద గానీ, గ్లవ్ బాక్స్ వైపు గానీ పేర్చాలి. సెట్టు వెనక ఉన్న రెక్కల అల్యూమినియం దిమ్మె వేడి బయటికి పంపేది, దానికి ఏదీ ఆనకూడదు.

ఎఫ్ఎం, స్టీరింగ్ బటన్లు, కెమెరా

కొత్త సెట్టులో రేడియో పాతదానికంటే అధ్వాన్నంగా పట్టడం చాలా మామూలు ఫిర్యాదు. మొదటి కారణం బూస్టర్. కొన్ని కార్ల యాంటెన్నా మొదట్లో చిన్న ఆంప్లిఫయర్ ఉంటుంది, దానికి 12 వోల్టులు అందాలి. కొన్నిటిలో ఆ కరెంటు యాంటెన్నా తీగలోంచే పోతుంది. అలాంటి కారుకు నీలం తీగ ఉన్న యాంటెన్నా అడాప్టర్ కావాలి, మామూలు అడాప్టర్ పెడితే ఊరు దాటగానే రేడియో బుస కొడుతుంది.

రెండవ కారణం సెట్టింగుల్లో ప్రాంతం. సెట్టు అమెరికా మీద ఉంటే ఎఫ్ఎం 0.2 చొప్పున దూకుతుంది, బేసి దశాంశాల మీదే ఆగుతుంది. హైదరాబాద్‌లో 101.9 దొరుకుతుంది, వివిధ భారతి 102.8 మాత్రం దొరకదు. మీడియం వేవ్‌లో ఇంకా ఇబ్బంది. మన దగ్గర కేంద్రాలు 9 కిలోహెర్ట్జ్ దూరంలో ఉంటాయి. హైదరాబాద్ 738, విజయవాడ 837, విశాఖపట్నం 927 మూడూ తొమ్మిదో ఎక్కంలోవే. అమెరికా సెట్టింగ్ పదేసి చొప్పున వెళ్తుంది కాబట్టి ఏదీ సరిగా పట్టదు. ప్రాంతాన్ని యూరప్ లేదా ఆసియాకు మారిస్తే అన్నీ వస్తాయి. జపాన్ నుంచి వచ్చిన వాడిన సెట్లతో ఈ మందు పనిచేయదు. అక్కడి ఎఫ్ఎం 76 మెగాహెర్ట్జ్ నుంచి మొదలై, పాత సెట్లలో 90 దగ్గరే ఆగిపోతుంది. మూడవ కారణం సిగరెట్ లైటర్‌లో పెట్టే చౌక ఛార్జర్. దాన్ని పీకి చూస్తే తెలిసిపోతుంది.

స్టీరింగ్ బటన్లు చాలా పాత కార్లలో ఒక్కో బటన్‌కు ఒక్కో నిరోధం చూపే ఒకటి రెండు తీగలతో పనిచేస్తాయి. కొత్త సెట్టు వెనక ‘కీ 1’, ‘కీ 2’ తీగలకు వాటిని కలిపి, బటన్ నొక్కుతూ సెట్టుకు నేర్పాలి. రెండు బటన్లు ఒకే పని చేస్తుంటే స్టీరింగ్ లోపలి కాంటాక్టుల మీద మకిలి పేరుకుందని అనుమానించాలి. 2010లో మన దేశానికి వచ్చిన ఫోక్స్‌వ్యాగన్ పోలో లాంటి కార్లలో కథ వేరు. వాటిలో ఏసీసీ సంకేతమే విడి తీగ మీద రాదు, క్యాన్ అనే సమాచార తీగల మీద వస్తుంది. ఆ భాషను తర్జుమా చేసే క్యాన్ బాక్సు ఆ మోడల్‌కు సరిపోయేది కొనాలి. అది లేకుండా ఎరుపును పసుపుతో కలిపేసే షాపులున్నాయి. ఆ పని చేసిన కారు బ్యాటరీ ఎక్కువ కాలం ఉండదు.

రివర్స్ కెమెరాకు కరెంటు వెనక రివర్స్ లైటు నుంచే తీసుకోవాలి. వీడియో తీగ పక్కనే వచ్చే సన్నని ఎర్ర తీగను అదే లైటుకు కలిపితే, ఆ సంకేతం ముందున్న సెట్టుకు చేరి గేరు వేయగానే తెర మారుతుంది. హ్యాండ్ బ్రేకు తీగను కొందరు నేరుగా ఎర్త్‌కు కలిపి, నడుపుతుండగా సినిమా ఆడేలా చేస్తారు. అది చేయకూడని పని, ఆ తీగ ఉన్నదే దాన్ని ఆపడానికి. ఫోన్ మాట్లాడే మైకును తెర వెనక వదిలేయకుండా స్టీరింగ్ పైభాగంలోనో అద్దం పక్క స్తంభం మీదో పెడితే అవతలివాళ్లకు మాట వినిపిస్తుంది. జీపీఎస్ పలకకు ఆకాశం కనపడాలి, డాష్‌బోర్డు మీద ముందు అద్దం కింద దాని చోటు.

ఈల, బ్యాటరీ

ఇంజను వేగంతో పాటు స్వరం పెరిగే ఈల ఆల్టర్నేటర్ (ఇంజనుతో తిరుగుతూ కరెంటు పుట్టించేది) నుంచి వస్తుంది. ఆంప్లిఫయర్ లేని కారులో అయితే ఎర్త్ వదులుగా ఉందన్నమాట. పాత బోల్టు మీద తుప్పు, పెయింటు గీకి బిగిస్తే పోతుంది. ఆంప్లిఫయర్ ఉంటే దాని ఎర్త్, సెట్టు ఎర్త్ రెండు వేర్వేరు చోట్ల ఉండి, ఆ రెంటి మధ్య వోల్టేజి తేడా వల్ల కరెంటు ఆర్‌సీఏ తీగల్లోంచి (సెట్టు నుంచి ఆంప్లిఫయర్‌కు శబ్ద సంకేతం తీసుకెళ్లేవి) పారుతుంది. కొన్ని సెట్లలో ఆర్‌సీఏ ఎర్త్ దగ్గర సన్నని ఫ్యూజు ఉంటుంది, కరెంటు ఉండగా తీగలు పీకి పెడితే అది పోతుంది. ఆర్‌సీఏ బయటి లోహాన్ని తీగ ముక్కతో సెట్టు బాడీకి తాకించగానే ఈల ఆగితే కారణం అదే. ఆంప్లిఫయర్ బ్యాటరీ తీగకు ఫ్యూజు బ్యాటరీకి 45 సెం.మీ. లోపే ఉండాలి. అంతకు మించి దూరంగా పెడితే మధ్య తీగ బాడీకి రాసుకున్నప్పుడు కారును కాపాడేది ఏదీ ఉండదు.

అన్నీ బిగించే ముందు, సెట్టు ఇంకా సగం బయట ఉండగానే పరీక్ష పూర్తి చేయాలి. బ్యాలెన్సు (ఎడమ, కుడి), ఫేడర్ (ముందు, వెనక) తిప్పి నాలుగు స్పీకర్లూ సరైన మూలల్లో మోగుతున్నాయా, లైట్లు వేస్తే తెర మసకబారుతోందా, తాళం తీసి పెడితే స్టేషన్లు గుర్తున్నాయా, హజార్డ్ లైటు, ఏసీ నాబులు పనిచేస్తున్నాయా చూడాలి. ఈక్వలైజర్‌లో హై పాస్ ఫిల్టర్ ఉంటే డోరు స్పీకర్లకు 80 హెర్ట్జ్ దగ్గర పెట్టాలి. చిన్న కోన్ మోయలేని లోతైన బేస్ ఆగిపోయి, మిగతా పాట శబ్దం పెంచినా చెదరదు.

చివరి కొలత బ్యాటరీ దగ్గర. తాళం తీసి, డోర్లు మూసి, అరగంట ఆగి, మైనస్ తీగకూ బ్యాటరీకీ మధ్య మీటరును 10 ఆంప్స్ పరిధిలో పెట్టి చూడాలి. 50 మిల్లీ ఆంప్స్ లోపు ఉంటే సరే. పసుపు ఎరుపు కలిసిపోయిన సెట్టు నిద్రపోదు, సుమారు ఒక ఆంప్ లాగుతూనే ఉంటుంది. చిన్న పెట్రోలు కార్లలో ఉండే 35 ఆంపియర్ అవర్ బ్యాటరీ నుంచి పన్నెండు గంటల్లో మూడో వంతు పోయినట్టే, పాత బ్యాటరీ అయితే పొద్దున్న స్టార్టర్ తిరగదు. తాళం తిప్పగానే వెంటనే లేచే ఆండ్రాయిడ్ సెట్లు పూర్తిగా ఆగకుండా కునుకు తీస్తుంటాయి, అవి కూడా ఈ కొలతలో దొరుకుతాయి. సెట్టింగుల్లో ‘తాళం తీశాక ఆగే సమయం’ ఉంటుంది, దాన్ని తక్కువకు మార్చి మళ్లీ కొలవాలి. అయినా అంకె దిగకపోతే పసుపు తీగ ఫ్యూజు పీకి చూడాలి. అప్పుడు దిగితే తప్పు సెట్టుది, దిగకపోతే కారులో వేరే ఏదో కరెంటు తాగుతోంది, దాన్ని ఫ్యూజు బాక్సు దగ్గర ఒక్కొక్క ఫ్యూజూ తీస్తూ వెతకాలి.